అభ్యంతరం చెప్పే హక్కున్న ఆట

శ్రీకాకుళంలో నేను పాఠాలు చెప్పే ఫార్మసీ కళాశాలలో ఈసారి, కొత్తగా కనిపెట్టినదాని మీద ప్రత్యేక హక్కునిచ్చే పేటెంటు చట్టాన్ని క్విజ్ ఆటగా నడిపించాను. సెక్షను సంఖ్య చెప్పినంత మాత్రాన మార్కు రాదని, కారణం చెప్పితేనే వస్తుందని, ఒక జట్టు ఇచ్చిన జవాబు మీద మరే జట్టయినా అభ్యంతరం లేవదీయవచ్చని నియమం పెట్టాను. ఈ చివరి నియమం చట్టం నుంచి తీసుకున్నదే. పేటెంటు మంజూరు కాకముందు దరఖాస్తు మీద ఎవరైనా అభ్యంతరం తెలుపవచ్చునని 1970 నాటి మన చట్టంలోని 25(1) సెక్షను చెబుతున్నది.

పేటెంటు గడువు 20 ఏళ్లని, అది దరఖాస్తు తేదీ నుంచే లెక్కకు వస్తుందని అందరూ చెప్పగలిగారు. అసలు చర్చ పలాస జీడిపప్పు దగ్గర మొదలైంది. పప్పు విరగకుండా జీడిగింజను పగలగొట్టే కొత్త యంత్రాన్ని ఒకరు తయారుచేసి, సంతలో అందరి ముందూ విప్పి చూపించి, రెండు నెలల తర్వాత దరఖాస్తు చేసుకుంటే పేటెంటు వస్తుందా అని అడిగాను. "ఆయన యంత్రాన్ని ఆయనే చూపించుకున్నాడు, తప్పేముంది సార్" అన్నది ఒక జట్టు. వెంటనే వెనుక బెంచీ నుంచి ఒక అమ్మాయి లేచి, "అది ఎలా పనిచేస్తుందో సంతకు వచ్చినవాళ్లందరికీ తెలిసిపోయాక ఇంక కొత్తదెలా అవుతుంది సార్?" అన్నది. మార్కు ఆ అమ్మాయికే ఇచ్చాను. కేంద్ర ప్రభుత్వం గెజెట్‌లో ప్రకటించిన ప్రదర్శనలో చూపినవారికి, ప్రదర్శన ప్రారంభమైన 12 నెలలలోపు దరఖాస్తు చేసుకొనే వెసులుబాటును 31వ సెక్షను ఇస్తుంది కాని, ఊరి సంత ఆ కోవలోకి రాదు. మన జిల్లాలో చేతిపని తెలిసిన ప్రతి ఒక్కరికీ ఈ సంగతి చేరాలని నా కోరిక.

పసుపు ప్రశ్న కూడా ఇటువంటిదే. గాయాలు మాన్పడానికి పసుపును వాడే పద్ధతి మీద 1995లో అమెరికాలో మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రానికి పేటెంటు లభించగా, మన కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ సి.ఎస్.ఐ.ఆర్. పాత గ్రంథాలను సాక్ష్యంగా చూపడంతో 1997లో అది రద్దయింది. "మా నాయనమ్మ దెబ్బకు పసుపే అద్దేది, ఆ సాక్ష్యం చాలదా సార్?" అని ఒక విద్యార్థి అడిగాడు. చాలదు. అప్పటి అమెరికా చట్టం పరదేశంలోని వాడుకను లెక్కలోకి తీసుకొనేది కాదు, అచ్చులో ఉన్నదాన్నే తీసుకొనేది. మన చట్టంలోనైతే సంప్రదాయ జ్ఞానానికి పేటెంటు లేదని 3(పి) సెక్షను స్పష్టంగా చెబుతున్నది.

అన్నింటికంటే ఎక్కువసేపు వాదన జరిగింది 3(డి) సెక్షను మీద. తెలిసిన పదార్థానికి కొత్త రూపం కనుగొంటే చాలదు, దాని పనిచేసే గుణం పెరిగిందని చూపాలి. శరీరం మందును 30 శాతం ఎక్కువగా గ్రహిస్తే గుణం పెరిగినట్లు కాదా అని ఒక జట్టు గట్టిగా పట్టుబట్టింది. గ్లివెక్ అనే క్యాన్సర్ మందు కేసులో సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్ 1న సరిగ్గా ఈ వాదననే పరిశీలించి, ఆ పెరుగుదల చికిత్సలో మేలుగా మారిందని ఆధారాలతో నిరూపించాలని తేల్చింది. అయినా ఆ జట్టు ఒప్పుకోలేదు. వచ్చే తరగతికి తీర్పులోని ఆ భాగాన్నే తెచ్చి చదవమన్నాను.