గురువు రాకముందే పుట్టిన విచారణ: పుంగ్సువన్ కొండల్లో

దక్షిణ కొరియాలోని పుంగ్సువన్ కతోలిక గుడికి వెళ్ళాలంటే, సియోల్‌లోని ఛంగ్న్యాంగ్ని స్టేషన్లో గాంగ్నుంగ్ వైపు వెళ్ళే కేటీఎక్స్ అనే వేగపు రైలు ఎక్కితే సుమారు గంటలో హ్వెంగ్సంగ్ చేరతాం. అన్ని రైళ్ళూ అక్కడ ఆగవు, టికెట్ తీసేటప్పుడే చూసుకోవాలి. స్టేషన్ నుంచి ఆరో నంబరు జాతీయ రహదారి మీద పడమటికి, అంటే మళ్ళీ సియోల్ దిక్కుకే, టాక్సీలో వెళ్ళాలి. పల్లె బస్సులు చాలా తక్కువ. తిరుగు టాక్సీ ముందే మాట్లాడి పెట్టుకోవడం మంచిది. కొండల మధ్య పొద్దు తొందరగా వాలుతుంది, ఆ వేళకు రోడ్డు మీద ఖాళీ బండి కనబడదు.

రహదారి దిగి పుంగ్సువన్ ఊళ్ళోకి తిరగ్గానే ముందు కనిపించేది గుడి గోపురం. దాని ముందు జెల్కోవా చెట్టు, మన ఊళ్ళలో రావిచెట్టులా ఆవరణంతా నీడ పరిచి ఉంది. ఫోటోలు తీసుకునేవాళ్ళంతా అక్కడే ఆగిపోతారు. నేను మాత్రం ముందు ఆవరణ అంచున నిలబడి చుట్టూ కొండలు చూడమంటాను. ఈ విచారణ, అంటే ఒక గురువు చూసుకునే కతోలిక సంఘం, మొదలైంది గుడితో కాదు, ఆ కొండలతో.

1801లో కొరియాను ఏలుతున్న జోసన్ రాజ్యం కతోలికుల మీద విరుచుకుపడింది. దేశంలో ఉన్న ఒక్కగానొక్క గురువు, చైనా నుంచి రహస్యంగా వచ్చిన జో వెన్‌మో, ఆ ఏడాదే తల నరికించుకున్నారు. ఆ తర్వాత ముప్పై ఏళ్ళకు పైగా కొరియా మొత్తానికీ ఒక్క గురువు లేడు. సియోల్ దక్షిణాన ఉన్న యోంగిన్ నుంచి సుమారు 40 మంది విశ్వాసులు షిన్ తేబో అనే గృహస్థుడి వెంట ఈ గాంగ్వన్ కొండల్లోకి తరలి వచ్చారు. అది 1803 నాటి మాట అని ఇక్కడివాళ్ళు చెబుతారు. షిన్ తేబో తర్వాత పట్టుబడి, పన్నెండేళ్ళు జైల్లో మగ్గి, 1839లో జోన్‌జులో వేదసాక్షి అయ్యారు, అంటే విశ్వాసం కోసం ప్రాణమిచ్చారు. 2014 ఆగస్టు 16న సియోల్‌లో పోప్ ఫ్రాన్సిస్ ధన్యులుగా (పునీతులకు ముందు మెట్టు) ప్రకటించిన 124 మందిలో ఆయన ఒకరు.

గురువు లేకుండా విశ్వాసం నిలబెట్టుకోవడమంటే రోజువారీగా ఏం చేయాలో ఆలోచించండి. అప్పటి కొరియా పంచాంగంలో ఏడు రోజుల వారమే లేదు. చాంద్రమాన తేదీలు, పర్వాలు ఉంటాయి, ఆదివారం ఉండదు. ఏడేసి రోజులు లెక్కపెట్టుకుంటూ పోవాలి. లెక్కలో ఒక్క రోజు జారితే ఊరంతా తప్పుడు రోజున ఆదివారం ఆచరిస్తుంది, పొరుగు రహస్య గ్రామం నుంచి ఎవరైనా వచ్చేదాకా ఆ తప్పు బయటపడదు. అందుకే ఆదివారాలు, పండుగలు వేసిన ‘ఛమ్‌న్యేప్యో’ అనే కాగితం వాళ్ళకు ప్రార్థన పుస్తకంతో సమానం. ప్రార్థనలు కంఠస్థం. చనిపోయినవారి కోసం చదివే ‘యోందో’ అయితే రెండు జట్లుగా కూర్చుని, ఒక జట్టు తర్వాత మరో జట్టు, కొరియా బాణీలో రాగం తీస్తూ పాడతారు. అది నేటికీ దేశమంతా సాగుతోంది.

బతుకుతెరువు కూడా దాక్కోవడానికి వీలైనదే ఎంచుకున్నారు. ఇలాంటి గ్రామాల్లో కొండవాలు తగలబెట్టి చేసే పోడు, బొగ్గు కాల్చడం, అన్నిటికన్నా ముఖ్యంగా కుండల పని. ‘ఒంగి’ అనే ఆ పెద్ద జాడీలకు కావలసిన బంకమన్ను, కట్టెలు కొండలోనే దొరుకుతాయి. నల్లటి మెరుపు పూతకూ బూడిద, మన్ను చాలు. పైగా జాడీలు వీపున మోసుకుని ఊరూరా తిరిగేవాణ్ణి ఎవరూ అనుమానించరు. కబురు, ఉత్తరం అలాగే చేరేవి.

1886లో ఫ్రాన్స్‌తో ఒప్పందం కుదిరాక హింస సడలింది. 1888లో పారిస్ విదేశీ మిషన్ సభకు చెందిన ఫాదర్ లె మెర్ మొదటి విచారణ గురువుగా వచ్చారు. జెసూయిట్ల తర్వాత పుదుచ్చేరి నుంచి మన తెలుగు విశ్వాసులనూ చూసుకున్నది ఈ సభే. ఆయనకు అప్పగించింది పన్నెండు తాలూకాలంత మేర, సుమారు 2,000 మంది. ఇరవై చిల్లర అంకణాల గడ్డి ఇల్లే గుడి. 1896లో ఒక భాగం విడిపోయి వొంజు విచారణ అయింది.

అదే ఏడు ఇక్కడికి విచారణ గురువుగా జంగ్ గ్యుహా వచ్చారు. పెనాంగ్‌లో చదివి, కొరియా గడ్డ మీదే గురుపట్టం అందుకున్న మొదటి ముగ్గురిలో ఒకరు. 1943లో కన్నుమూసేదాకా 47 ఏళ్ళు ఈ ఒక్క విచారణే. ఇప్పుడున్న ఇటుక గుడి ఆయన కట్టించినదే, 1907లో పూర్తయింది. కొరియన్ గురువు కట్టించిన మొదటి గుడిగా దీన్ని చెబుతారు.

గోడకు దగ్గరగా వెళ్ళి చూడండి. గోడ ఎర్ర ఇటుక. మూలలు, ఆధారపు దిమ్మెలు, కిటికీ ఆర్చీల చుట్టూ బూడిద రంగు ఇటుక. రెండూ మన్నే. బట్టీలో గాలి బాగా ఆడితే ఇనుము ఎర్రబడుతుంది, గాలి మూసి నీళ్ళతో చల్లారిస్తే బూడిద రంగు వస్తుంది. ఇటుక కట్టడం కొరియా పల్లెలకు అలవాటు లేని పని కాబట్టి చైనా మేస్త్రీని పిలిపించారు. ఇటుకలు కాల్చిందీ, దుంగలు కొట్టిందీ, మోసిందీ విశ్వాసులే. పచ్చి ఇటుక లోపల తడి మిగిలితే బట్టీలో పగులుతుంది. సరిగ్గా కాలనిది నీళ్ళు పీల్చుకుంటుంది, ఆ నీరు చలికాలంలో గడ్డకట్టి ఇటుక ముఖం పొరలు పొరలుగా రాలిపోతుంది. గాంగ్వన్ చలిని వందేళ్ళు దాటి తట్టుకున్న గోడ అంటే కాల్చినవాళ్ళ చేతి నేర్పు తెలుస్తుంది.

లోపలికి చెప్పులు విడిచి వెళ్ళాలి. బెంచీలు లేవు. చెక్క నేల మీద ‘బాంగ్సాక్’ అనే పల్చటి దిండు వేసుకుని కూర్చోవడమే. కోస్తా పల్లె గుళ్ళలో చాప మీద కూర్చుని పూజ విన్నవాళ్ళకు ఇది ఇంటికి వచ్చినట్టే ఉంటుంది. పూర్వం ఆడవాళ్ళూ మగవాళ్ళూ చెరోపక్క కూర్చునేవారు. పూజలో చాలామంది స్త్రీలు నేటికీ తెల్లటి ముసుగు వేసుకుంటారు. చలికాలంలో చెక్క నేల జిల్లుమంటుంది, మందపాటి మేజోళ్ళు తీసుకెళ్ళండి. పూజ సమయంలో ఫోటోలు తీయొద్దు.

గుడి వెనక పాత గురువుల నివాసం, అదీ ఇటుకదే. దాని పక్కనుంచి సిలువ మార్గం కొండెక్కుతుంది. క్రీస్తు శరీర రక్తముల పండుగకు దివ్యసత్ప్రసాదాన్ని, అంటే పూజలో క్రీస్తు శరీరంగా భావించే అప్పాన్ని, ఊరేగించడం 1920లో మొదలైంది, కొరియా యుద్ధ కాలంలో తప్ప ఆగలేదు. మే చివర్లోనో జూన్‌లోనో వచ్చే ఆ రోజుకు దేశం నలుమూలల నుంచి జనం వస్తారు. గుడిలో చోటు చాలదు. ఎండకు టోపీ, నీళ్ళు, కూర్చోవడానికి ఒక దిండు వెంట ఉంచుకుని, పొద్దున్నే వెళ్ళి జెల్కోవా చెట్టు నీడ పట్టుకోవాలి.