ఉత్తరాల పెట్టె, కొత్త లైబ్రరీ: ఖాళీగా వచ్చిన ఆ రెండు కాలమ్‌లు

దొరికింది! మూడు రాత్రులు నిద్ర లేకుండా చేసిన తప్పు ఇవాళ పొద్దున్న దొరికింది. చేసింది నేనే. మా ఉత్తరాల ఫైళ్లుండేది షేర్‌పాయింట్‌లో, అంటే మైక్రోసాఫ్ట్ ఆన్‌లైన్ అరలో. అక్కడి లైబ్రరీకి కాలమ్‌లు, అంటే ఒక్కో ఫైలు వివరాలు నింపే గడులు, పెట్టిన వరసలో ఉంది తప్పంతా.

శనివారం రాత్రి పన్నెండు ఫైళ్లు పాత లైబ్రరీ నుంచి కొత్తదానికి 'మూవ్ టు'తో పంపాను. పన్నెండూ చేరాయి. వెర్షన్లు (దిద్దిన ప్రతిసారీ నిలిచే ప్రతులు) ఒక్కటీ పోలేదు, 23 వెర్షన్లున్న ఫైలు 23తోనే దిగింది. 'ఊరు' వచ్చింది, 'సంవత్సరం' వచ్చింది. 'రాసినవారు', 'రాసిన ఏడు' మాత్రం పన్నెండింటిలోనూ ఖాళీ.

ఆ రెండూ ఖాళీ అయితే నాకెందుకంత బాధో చెప్పాలి. పర్లాకిమిడిలో మా ముత్తాత పెట్టెలో దొరికినవాటిలో కొత్త లైబ్రరీకి పంపాల్సిన 212 ఉత్తరాలివి, అన్నీ గొలుసుకట్టు రాత. నేనొకసారి చదివి టైపు చేస్తాను, గుణుపూరులో మావయ్య దిద్దుతారు, బరంపురంలో బావ మళ్లీ చూస్తాడు. ఒక ఉత్తరంలో 'యువ నామ సంవత్సరం' అని ఉంటే నేను 1875 అని వేశాను. అరవై ఏళ్లకోసారి అదే పేరు తిరిగొస్తుంది కదా. బావ దాన్ని 1935గా మార్చి, 'ఇందులో పర్లాకిమిడిలో రైలు దిగానని ఉంది, నౌపడా నుంచి మనకి రైలు వచ్చిందే 1900లో' అని రాశాడు. ఆ వాదన ఉన్నది వెర్షన్ హిస్టరీలోనే. అది పోతే ఏడు మిగులుతుందిగానీ ఎందుకు ఆ ఏడో ఎవరికీ తెలియదు. అందుకే 'కాపీ టు' జోలికి పోను, అది ఆఖరి వెర్షన్‌ని మాత్రమే తీసుకెళ్తుంది. వన్‌డ్రైవ్ సింక్ ఫోల్డర్లో లాగి పడేసే పద్ధతి నా దృష్టిలో ఇంకా చెడ్డది. అక్కడ జరిగేది కొత్తగా ఎక్కించి పాతది తీసేయడం. ఎవరు ఎప్పుడు ఏం దిద్దారో అంతా గల్లంతు.

ఇక ఖాళీల సంగతి. మొదట రకం తేడా అనుకున్నాను. రెండు లైబ్రరీల్లోనూ 'రాసినవారు' టెక్స్టే, 'రాసిన ఏడు' నంబరే. (తేదీ కాలమ్ పెట్టకపోవడానికి కారణముంది. షేర్‌పాయింట్ తేదీ కాలమ్ 1900 జనవరి 1కి ముందు తేదీని తీసుకోదు, మా పెట్టెలో అంతకన్నా పాతవి కొన్ని ఉన్నాయి.) తర్వాత పేరు మధ్యలో ఖాళీ వల్లేమో అనుకున్నాను. 'రాసినవారు'లో ఖాళీ లేదు, అయినా అదీ రాలేదు. తెలుగు కీబోర్డు పేరులో కంటికి కనబడని గుర్తేదైనా దూర్చిందేమోనని పాత లైబ్రరీలోని పేర్లే కాపీ చేసి కొత్తదానిలో అతికించాను. మూడు వెర్షన్లున్న ఉత్తుత్తి ఫైలొకటి చేసి ఆరుసార్లు అటూ ఇటూ తిప్పాను. ఆరుసార్లూ 'ఊరు' చేరింది, ఆ రెండూ చేరలేదు.

పోయినవి రెండే, రెండూ 'రాసిన'తోనే మొదలు. ఈ మాట ఇవాళ పొద్దున్న టీ తాగుతుంటే తట్టింది. లైబ్రరీ సెట్టింగ్స్‌లో ఒక్కో కాలమ్ తెరిచి, పైన అడ్రసు చివర 'ఫీల్డ్' అని ఉన్నచోట చూశాను. మనకు కనిపించే పేరు వేరు, లోపల నిలిచే ఇంటర్నల్ నేమ్ వేరు. కాలమ్ పుట్టినప్పుడు పడిన ఆ లోపలి పేరు మళ్లీ మారదు, దానికి 32 గుర్తుల హద్దు. ఇంగ్లీషు అక్షరమైతే ఒక గుర్తు. తెలుగైతే ఒక్కో సంకేతానికి ఏడు: అండర్‌స్కోర్, ఎక్స్, నాలుగు స్థానాల కోడ్, మళ్లీ అండర్‌స్కోర్. పైగా మనకు 'రా' ఒకటే అక్షరం, కంప్యూటర్‌కి 'ర' ఒకటి, దీర్ఘం ఒకటి. 'రాసి' దగ్గరకే నాలుగు సంకేతాలు, 28 గుర్తులు. మిగిలిన నాలుగు 'న'లో సగానికే సరిపోయాయి. 'వారు'కీ 'ఏడు'కీ చోటే లేదు. అంటే లోపల రెండింటిదీ ఒకటే పేరు, తర్వాత పుట్టినదాని చివర ఒక సున్నా.

పాతదానిలో ముందు 'రాసినవారు' పెట్టాను. కొత్తదానిలో ఏడు ప్రకారం పేర్చుకోవాలన్న తొందరలో ముందు 'రాసిన ఏడు' పెట్టాను. సున్నా అటుది ఇటైంది. విలువలు లోపలి పేరును బట్టి వెళ్లడంతో మనిషి పేరు నంబరు కాలమ్ తలుపు తట్టింది, ఏడు టెక్స్టు దగ్గరకు వెళ్లింది. లోపలి పేరు కలిసినా రకం కలవక రెండూ బయటే ఉండిపోయాయని నా అంచనా. 'ఊరు' మూడే సంకేతాలు, 21 గుర్తులతో హాయిగా సరిపోయింది. 'సంవత్సరం' కూడా తెగిందిగానీ రెండుచోట్లా ఒకేలా తెగింది.

కొత్తదానిలో ఆ రెండూ తీసేసి, ముందు 'రాసినవారు', తర్వాత 'రాసిన ఏడు' పెట్టి ఉత్తుత్తి ఫైలు పంపాను. అన్నీ వచ్చాయి. మిగతా 200 ఫైళ్లు నలభై చొప్పున మధ్యాహ్నానికల్లా చేరిపోయాయి.

ఆ పన్నెండు మాత్రం మనసులో ముల్లులా ఉన్నాయి. పంపే ముందు జాబితాని ఎక్సెల్లోకి దించి ఉంచాను కాబట్టి విలువలు దొరికాయి, చేత్తో నింపాను. కానీ నింపిన ప్రతిసారీ కొత్త వెర్షన్ పడింది, దానిమీద నా పేరు, ఇవాళ్టి తేదీ. ఆ రైలు ఉత్తరం ఆఖరి మార్పు బావదిగా ఉండాల్సింది. ఇప్పుడు నాదిగా ఉంది. ఫోన్ చేసి చెప్తే, "పోనీ బావా, నా వెర్షన్ కింద ఉందిగా" అన్నాడు. ఉంది, నిజమే. అయినా నాకు మింగుడు పడలేదు.

ఇకమీదట కాలమ్ పుట్టించేటప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లో పొట్టి పేరు పెట్టి, ఆ తర్వాత కనిపించే పేరు తెలుగులోకి మారుస్తాను. అంతకంటే మంచిది, సైట్ కాలమ్‌లుగా (సైటంతటికీ ఉమ్మడిగా) ఒక్కసారి చేసి రెండు లైబ్రరీలకూ అవే తగిలించడం. షేర్‌పాయింట్ పనులు ఆదేశాలు రాసి చేయించే పీఎన్‌పీ పవర్‌షెల్ నాకిష్టమేగానీ, దాన్ని వాడాలంటే 2024 సెప్టెంబరు నుంచి మన యాప్ మనమే నమోదు చేసుకోవాలి. 212 ఉత్తరాలకు అంత అవసరం లేదు, డబ్బు పోసి కొనే మైగ్రేషన్ టూల్ అసలే అక్కర్లేదు.

కొత్త లైబ్రరీలో 1936 ఏప్రిల్ 1కి ముందువి, అంటే మనం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నప్పటివి. ఒడిశా ఏర్పడ్డాక రాసినవి పాతదానిలోనే. 'యువ' తర్వాత వచ్చే 'ధాత' నామ సంవత్సరంవి నాలుగున్నాయి, ఆ ఏడు ఉగాది వెళ్లిన కొద్దిరోజులకే రాష్ట్రం మారింది కాబట్టి ఒక్కో ఉత్తరంలో తిథి చూసి ఏ పక్కో తేల్చాలి. ఆ పని మావయ్యది.

తర్వాతది ఊళ్ల పేర్లు. ఉత్తరాల్లో పర్లాకిమిడి, సర్కారు కాగితాల్లో పారలాఖెముండి. ఇక్కడ బరంపురం, అక్కడ బ్రహ్మపుర్. షేర్‌పాయింట్ పదాల పట్టిక అయిన టర్మ్ స్టోర్‌లో ఒకే ఊరికి రెండు మూడు పేర్లు తగిలించవచ్చు, ఏ పేరుతో వెతికినా ఒకే ఊరు దొరకాలని నా ఆశ. వంశధార ఒడ్డు ఊళ్ల పాత పేర్లు మావయ్యకు నోటికి వచ్చు. ఆదివారం రైలెక్కి గుణుపూరు వెళ్తున్నాను, ఆ జాబితా ఆయన చెబుతుంటే రాసుకొస్తాను.