ముప్పై ఎనిమిదేళ్లకు పైలట్ చదువు: తోట తాకట్టుకు ముందు చేయవలసిన పనులు

శ్రీకాకుళంలో జూనియర్ కళాశాల భౌతికశాస్త్ర అధ్యాపకుడిగా పనిచేస్తూ, ముప్పై ఎనిమిదేళ్ల వయసులో కమర్షియల్ పైలట్ లైసెన్సుకు సిద్ధపడుతున్నానని చెబితే, వినేవారు మొదట వయసు గురించి, తరువాత డబ్బు గురించి అడుగుతారు. నా దృష్టిలో ఆ రెండూ ఒకే ప్రశ్న. మన దేశంలో ఈ లైసెన్సుకు కనీస వయసు 18 ఏళ్లు. ఎయిర్‌లైన్ విమానాలను 65 ఏళ్లు వచ్చేవరకే నడపనిస్తారు. ఇరవై ఏళ్లకు మొదలుపెట్టినవాడికి అప్పు తీర్చుకోవడానికి నలభై ఏళ్లకు పైగా ఉంటే, నాకు అన్నీ సవ్యంగా జరిగినా ఇరవై రెండు, ఇరవై మూడేళ్లే మిగులుతాయి. సీనియారిటీని చేరిన తేదీని బట్టి లెక్కిస్తారు కనుక, నాకంటే పదిహేనేళ్లు చిన్నవాడు పక్క సీటులో కెప్టెన్‌గా ఉండవచ్చు. చిన్నవాళ్ల మధ్యనే బతికిన మాస్టారుకు అదేమంత నామోషీ కాదు.

లైసెన్సుకు 200 గంటలు విమానం నడపాలి. ఫీజులు, వసతి కలిపితే యాభై లక్షలు దాటడం మామూలే. ఆపై ఎయిర్‌బస్ 320 వంటి విమానానికి టైప్ రేటింగ్, అంటే ఆ రకం విమానాన్ని నడిపే ప్రత్యేక అర్హత, సంపాదించాలంటే మరో పదిహేను, ఇరవై లక్షలు కావాలి. అయితే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినవి ఫీజుల పట్టికలో కనిపించని ఖర్చులు. వానకూ పొగమంచుకూ శిక్షణ విమానాలు నేలమీదే ఉండిపోతాయి కాబట్టి, ఏడాదిలో ముగుస్తుందన్న కోర్సు రెండేళ్లకు సాగితే, ఆ రెండేళ్ల జీతం కూడా ఖర్చులోనే రాసుకోవాలి. లైసెన్సు చేతికొచ్చాక ఉద్యోగం కోసం ఎదురుచూసే కాలంలో, బయట ఏమీ కనిపించకపోయినా పరికరాలను చూసి నడపగల అర్హత అయిన ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్‌ను ఏటేటా పునరుద్ధరించుకోవాలి; దానికీ విమానం గంటలు కొనాలి. ఇవన్నీ జరుగుతుండగా వడ్డీ ఆగదు.

విద్యారుణం ఏడున్నర లక్షలు దాటితే బ్యాంకులు సాధారణంగా ఆస్తి హామీ అడుగుతాయి. మాకున్న ఆస్తి ఉద్దానంలోని కొబ్బరితోట. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను దాన్ని నేలమట్టం చేశాక నాన్న మళ్లీ మొక్కలు నాటారు. అవి ఇటీవలే కాపుకొచ్చాయి. అటువంటి తోటను తాకట్టు పెట్టమని అడగడానికి నాకు నోరు రాలేదు. చివరికి ఆయనే, "అప్పు సంగతి తరవాత సూద్దుంలే, ముందు నీ కన్నూ గుండే సూపించుకోరా" అన్నారు.

ఆ మాటే నా ప్రణాళిక అయింది. తక్కువ డబ్బుతో తేలిపోయే పనులను ముందు పూర్తిచేయాలి. శిక్షణలో చేరడానికి కావలసిన క్లాస్ 2 వైద్యపరీక్ష, ఆ తరువాత కమర్షియల్ లైసెన్సుకు కావలసిన క్లాస్ 1, ఈ రెంటికీ అయ్యేది వేలల్లోనే. రంగులు గుర్తించే చూపు, వినికిడి, ఈసీజీ, రక్తంలో చక్కెర వంటివి చూస్తారు. ఇరవై ఏళ్ల కుర్రాడికి ఇది లాంఛనం కావచ్చు కానీ, నలభైకి చేరువైనవాడికి అసలు ప్రవేశపరీక్ష ఇదే. తరువాత దేశంలో పౌరవిమానయానాన్ని నియంత్రించే డీజీసీఏ పెట్టే రాతపరీక్షలు: నావిగేషన్, వాతావరణశాస్త్రం, వైమానిక నిబంధనలు, సాంకేతిక విషయాలు. ఒక్కొక్కదానిలో 70 శాతం రావాలి. వీటిని ఉద్యోగం చేస్తూనే రాయవచ్చు. వాతావరణశాస్త్రం మాత్రం నాకు సరదాగా ఉంది. అల్పపీడనం వాయుగుండమయ్యే తీరును మా తీరంవాళ్లకు పుస్తకం వచ్చి చెప్పనక్కరలేదు.

బంధువులలో కొందరి ధైర్యం వేరు. విజయనగరం నుంచి అశోక్ గజపతిరాజు గారు 2014లో, మా జిల్లా నుంచి రామ్మోహన్ నాయుడు గారు 2024లో పౌరవిమానయాన మంత్రులయ్యారు. భోగాపురంలో విమానాశ్రయమూ కట్టారు. ఇక నీకు ఉద్యోగానికి లోటేమిటి అంటారు. ఇంటి దగ్గర రన్‌వే ఉన్నంత మాత్రాన పైలట్ ఉద్యోగం దగ్గరకు రాదు. ఎయిర్‌లైన్లు ఎప్పుడు విమానాలు పెంచుకుంటే అప్పుడే తీసుకుంటాయి. అది నేను ఎంచుకోగల కాలం కాదు.

ప్రస్తుతం క్లాస్ 2 పూర్తయింది, క్లాస్ 1 తేదీ కోసం చూస్తున్నాను. అది దాటి, రాతపరీక్షలన్నీ గట్టెక్కితేనే నాన్న పేరున ఉన్న సగం తోట మీద రుణం తీసుకుంటాను. అమ్మ పేరున ఉన్న సగం జోలికి వెళ్లనని నా భార్యకు మాట ఇచ్చాను. శిక్షణ కాలమంతా ఇల్లు గడవవలసింది ఆమె జీతం మీదే. ఆ పరీక్షలలో ఏ ఒక్కటి తప్పినా కళాశాలకు రాజీనామా ఇవ్వను.