చెప్పు ఊగిన లెక్క

అనంతపురం, మే నెల, ఆదివారం.

ఈపొద్దు సాయంత్రం అరుగు మీద కాలు మీద కాలేసుకుని కూర్చున్న పెద్దాయన చెప్పు మెల్లగా ఊగుతోంది. ఆయన ఊపడం లేదు. మోకాలి వెనక గుంటలో పెద్ద ధమని ఉంటుంది. కింది మోకాలు దానికి ఆనుకున్నప్పుడు ఒక్కో గుండె దెబ్బకు పైకాలు కాస్త లేస్తుంది, పాదం కొసకు వచ్చేసరికి అది ఊపుగా కనపడుతుంది. అర నిమిషం లెక్కపెట్టి రెట్టింపు చేస్తే సరి: 36 ఊపులు, అంటే నిమిషానికి 72 గుండె దెబ్బలు. కదలకుండా కూర్చున్న పెద్దవాళ్లకు 60 నుంచి 100 దాకా మామూలే. ఊపులు సమంగా లేకపోతే మాత్రం నిమిషం నిండా లెక్కపెట్టాలి.

ఇలా ఒంటి మీద కంటికి కనపడే నాడి దెబ్బల్లో జనం ఎక్కువగా బెదిరేది పొట్టలోది చూసి. మధ్యాహ్నం సంగటి తిని వెల్లకిలా పడుకుంటే, సన్నటి మనిషికి బొడ్డుకు కాస్త పైన చొక్కా గుండీ కూడా ఎగిరెగిరి పడుతుంది. ఆ దెబ్బ పక్కకు తగిలితే "బొడ్డు జారింది" అని తోమించుకోను పోతారు. జారింది ఏమీ లేదు. గుండె నుంచి దిగే పెద్ద ధమని వెన్నెముక ముందు, కొంచెం ఎడమ పక్కగా వచ్చి, దాదాపు బొడ్డు ఎత్తులో రెండుగా చీలుతుంది. ఎడమ పక్క తగలడం దాని సహజమైన చోటే! అలాంటి పొట్టను గట్టిగా తోమడం నాకు అసలు నచ్చని పని.

చూడాల్సింది వేరే ఉంది. మోకాళ్లు మడిచి పడుకోబెడితే పొట్ట వదులవుతుంది. ఊపిరి వదిలేటప్పుడు రెండు చేతుల వేళ్లను ఆ దెబ్బకు అటూ ఇటూ మెల్లగా ఆనించాలి. వేళ్లు పైకి మాత్రమే లేస్తే మామూలు. దెబ్బ దెబ్బకూ ఒకదానికొకటి దూరం జరుగుతుంటే ధమనే ఉబ్బి ఉండొచ్చు. అక్కడ దాని వెడల్పు సుమారు 2 సెంటీమీటర్లు. 3 దాటితే ఉబ్బు కింద లెక్క. లావు పొట్టలో వేళ్లకు ఇది అందదు. అందుకే ఏళ్లతరబడి బీడీలు కాల్చి 65 దాటిన మగవాళ్లు పొట్టలో ఏ దెబ్బా కనపడకపోయినా ఒకసారి పొట్ట స్కానింగ్ తీయించుకోవాలి. సూది లేదు, నొప్పి లేదు. ఉన్నట్టుండి పొట్టలోనో నడుములోనో తీవ్రమైన నొప్పి వచ్చి కళ్లు తిరిగితే మాత్రం నొక్కి చూడటాలు వద్దు, వెంటనే 108కి ఫోన్ చేయాలి.

మెడలో కొట్టుకునేవి రెండున్నాయి. వేలికి గట్టిగా తగిలేది ధమని. దాన్ని రెండు పక్కలా ఒకేసారి నొక్కకూడదు. కంటికి సన్నటి అలలా మెదిలి, వేలు పెడితే తగలనిది సిర. నిటారుగా కూర్చున్నప్పుడు ఆ అల మెడ కింద అడ్డంగా ఉండే ఎముక (కాలర్ బోన్) పైన కనపడకూడదు. కనపడుతూ కాళ్లకు వాపు కూడా ఉంటే గుండె డాక్టరు దగ్గరికి పోవాలి. ధమనే దూరానికి తెలిసేలా ఎగిసిపడుతుంటే రక్తం తక్కువైందా, థైరాయిడ్ ఎక్కువైందా, గుండె కవాటం కారుతోందా అని వెతుకుతారు. ఇక కన్నదరడం నాడి కాదు. మణికట్టు పట్టుకుని పోల్చి చూస్తే రెంటికీ లెక్క కుదరదు.

ఈ ఎండల్లో మరీ జాగ్రత్తగా చూడాల్సింది పసిబిడ్డ మాడు. "ఏమ్మా, ఇట్ల కొట్టుకుంటాంది?" అని కొత్త తల్లులు అడుగుతారు. పుర్రె ఎముకలు ఇంకా కలవని చోటు అది. లోపలి దెబ్బ చర్మం మీద తెలుస్తుంది, అంతే. చాలామందికి ఏడాది, ఏడాదిన్నర మధ్యలో మూసుకుంటుంది. బిడ్డను నిలువుగా ఎత్తుకుని, ఏడుపు ఆపాకే చూడాలి, ఏడ్చేటప్పుడు ఎవరికైనా ఉబ్బుతుంది. విరేచనాలతో మాడు గుంటపడి, ఉచ్చ తగ్గి, ఏడ్చినా కన్నీళ్లు రాకపోతే ఒంట్లో నీళ్లు పోయినట్టు. పాలు ఆపకూడదు. ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్టు మొత్తం లీటరు నీళ్లలో కలిపి, చెంచాతో కొద్దికొద్దిగా పోస్తూనే ఆసుపత్రికి బయలుదేరాలి. సగం ప్యాకెట్టు గ్లాసులో అందాజుగా కలిపితే ఉప్పు ఎక్కువై బిడ్డకు ఇంకా చేటు. జ్వరంతో పాటు, ఏడవకుండా ఉన్నప్పుడు కూడా మాడు బిగిసి ఉబ్బి ఉంటే తెల్లారేదాకా ఆగకూడదు.