41 మందికీ ఏడుగురికీ ఒకే కప్పా?

ముందే చెప్పేస్తున్నాను, ఇది మేం కప్పు గెలిచిన కథ కాదు. నాలుగో స్థానంలో వచ్చి, ఆ కడుపుమంటతో నేను పెట్టుకున్న గొడవ ఎక్కడి దాకా పోయిందో చెబుతాను.

మాది శ్రీకాకుళం. పెద్దవాళ్ల ఈత పోటీల్లో, అదే మాస్టర్స్ మీట్లలో, 25 ఏళ్ల నుంచి ఐదేసి ఏళ్లకో గ్రూపు ఉంటుంది. వయసు ఆ ఏడాది డిసెంబరు 31 నాటికి లెక్కేస్తారు కాబట్టి మా వాళ్లలో ఒకాయన ఇంకా 49లో ఉండగానే 50–54లో ఈదేశాడు (ఆయనకది లాభమే, ఆ గ్రూపులో ఆయనే కుర్రాడు). మొత్తం ఏడుగురం. తెల్లవారుజామున ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర కలుసుకుని ఒకే బండిలో ఇరుక్కుని పక్క జిల్లాలో మీట్‌కి వెళ్లాం.

అక్కడ పాయింట్ల పద్ధతి ఇదీ: మొదటి ముగ్గురికి 5, 3, 1. రిలేకి దానికి రెట్టింపు. ఒక్కొక్కరు మూడు ఈవెంట్లు ఈదొచ్చు. ఒక జట్టు నుంచి ఇంతమందే రావాలన్న హద్దు లేదు. గెలిచిన జట్టు 41 మందితో దిగింది. కొన్ని గ్రూపుల్లో ముగ్గురూ వాళ్లవాళ్లే, తొమ్మిది పాయింట్లూ ఆ ఇంట్లోకే. సాయంత్రానికి వాళ్లకు 214, మాకు 68.

మా 68లో 15 ఒక్క టీచర్ గారివే. రిటైరై చాలా కాలమైంది, వయసు 66, చిన్నప్పుడు నాగావళిలో నేర్చుకున్న ఈత. 50 మీటర్ల బ్రెస్ట్ స్ట్రోక్‌లో ఆ వయసు గ్రూపుకి ఆవిడ ఒక్కరే, అందుకని ఆవిణ్ని కుర్ర గ్రూపుతో కలిపి ఒకే హీట్‌లో, అంటే ఒకేసారి దూకే బ్యాచ్‌లో, వేశారు. మిగతావాళ్లు ఒడ్డెక్కి తల తుడుచుకుంటున్నారు, ఆవిడ ఇంకా సగంలోనే ఉన్నారు. ఫుల్ హ్యాండ్స్ స్విమ్ సూట్, టోపీ కింద ముడి ఉబ్బెత్తుగా, తల ఎత్తినప్పుడల్లా గోడ ఎంత దూరం ఉందో చూసుకుంటూ వస్తున్నారు. కుర్చీలో కూర్చున్న టైమ్‌కీపర్ లేచి అంచు దాకా వచ్చి వంగి నిలబడ్డాడు. గోడ పట్టుకోగానే ఆవిడ అడిగిన మొదటి మాట, "ఎంతొచ్చింది బాబూ?" రెండు నిమిషాల పది సెకన్లు. ఐదు పాయింట్లు.

ఓవరాల్ కప్పు ప్రకటించగానే నాకు ఒళ్లు మండింది. రూల్స్‌లో ప్రొటెస్ట్ అరగంటలోపు రాసివ్వాలి, 500 కట్టాలి అని ఉంది, కట్టాను. పది నిమిషాల్లో తిప్పికొట్టారు. "టర్న్ తప్పు ఇచ్చారనో, టైము తప్పు రాశారనో అయితే చూస్తామండీ, పాయింట్ల పద్ధతి సర్క్యులర్‌లో ముందే ఉంది, చదివే కదా వచ్చారు?" అన్నారు. నిజం చెప్పాలంటే నేను చదవలేదు. 500 పోయింది. ఎవరైనా ఇలాంటి పని పెట్టుకుంటే ఇది గుర్తుపెట్టుకోండి, రూలు మీద కోపం వస్తే ప్రొటెస్ట్ దండగ, వచ్చే ఏడాది సర్క్యులర్ తయారయ్యేలోపు కాగితం మీద ప్రతిపాదన ఇవ్వాలి. అది చెప్పింది కూడా ఆ టేబుల్ దగ్గరున్న ఆయనే, పాపం.

ఇంటికొచ్చి ఎక్సెల్ తెరిచాను. తలకి సగటు తీస్తే మాది 9.7, వాళ్లది 5.2. అబ్బ, ఎంత బాగుందో! రెండు రోజులు ఆ అంకె చూసుకుంటూ బతికాను. మూడో రోజు మొత్తం జాబితాకి అదే లెక్క వేస్తే పైన తేలింది మేం కాదు, ఒంటరిగా వచ్చి మూడు ఈవెంట్లూ గెలిచిపోయిన ఒకాయన. సగటు 15. ఆయనే చాంపియన్ జట్టు!

సరే, పోటీ లేకుండా వచ్చిన పాయింట్లు తగ్గిద్దాం అనుకున్నాను. ఒక్కరే ఈదితే 5 కాకుండా 1. టీచర్ గారి మూడు ఈవెంట్లతోనే మా 68 కాస్తా 56 అయింది. ఆవిడకి చూపిస్తే కళ్లజోడు పైకి తోసుకుని, "అరవై ఐదు దాటినోళ్లు ఇంకెవరూ రాకపోతే అది నా తప్పేటి నాయినా?" అన్నారు. ఆ కాలమ్ డిలీట్ చేశాను.

అప్పుడు ఆ పెద్ద జట్టు మేనేజర్‌కి ఫోన్ చేశాను, పోట్లాడదామనే. ఆయన నిదానంగా విన్నాడు. "మాస్టారూ, నా 41 మందిలో పన్నెండు మంది ఈ ఏడే ఈత నేర్చుకున్నారు. మీరు సగటు పెడితే నేను వాళ్లని ఇంటి దగ్గర వదిలేసి రావాలి, అలగ మీకు బాగుంటాదా?" నా దగ్గర జవాబు లేదు. అప్పటిదాకా నాకు ఆ 41 మందీ ఒక మూకలా కనిపించారు తప్ప అందులో మా టీచర్ గారి లాంటివాళ్లు ఉండొచ్చని తట్టలేదు.

రిలేలో ఈ చిక్కు ఎప్పుడో తీర్చేశారు కదా అని అప్పుడు తట్టింది. నలుగురి వయసులూ కలిపి గ్రూపు కడతారు, 120–159, 160–199, 200–239 ఇలా. మా నలుగురివీ 52, 66, 47, 38, కలిపితే 203, మా ఈడు జట్లతోనే పోటీ. వయసుని కూడి విడగొట్టగలిగినప్పుడు తలలు లెక్కపెట్టి విడగొట్టలేమా? అమెరికా మాస్టర్స్ జాతీయ పోటీల్లో పదో స్థానం దాకా పాయింట్లు ఇస్తారు, అదీ రాద్దామనుకున్నా గానీ, మన దగ్గర ఒక్కో గ్రూపుకి నలుగురు దొరకడమే గగనం, మానేశాను.

ఒక్క పేజీ రాశాను. పది మంది దాకా చిన్న జట్టు, ఆపైన పెద్ద జట్టు, రెండు కప్పులు. మేనేజర్ల మీటింగ్‌లో గంటన్నర వాదన, అందులో ముప్పావు గంట రెండో కప్పు డబ్బులు ఎవరిస్తారన్నదాని మీదే. చివరికి ఆ పెద్ద జట్టు మేనేజరే నేనిస్తానన్నాడు. ఒప్పుకున్నారు.

ఈ ఏడు సర్క్యులర్‌లో అది వచ్చింది, ఈసారి అక్షరం అక్షరం చదివాను. మా ఎంట్రీలు నిన్నటికి పది. రాత్రి తొమ్మిదింటికి మా బావమరిది ఫొటో అంటించిన ఫారం పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. నాలుగు నెలలుగా నేనే వాణ్ని పూల్‌కి లాక్కెళ్తున్నాను, 50 మీటర్లు ఆగకుండా ఈదడం పోయిన వారమే వచ్చింది. "బావా, ఆఖరి తేదీ దాటిపోలేదు కదా?" అన్నాడు.

పొద్దున్నే పదకొండూ పంపేశాను.