మింట్‌లో మూగ పాట

మా అబ్బాయి పాత ల్యాప్‌టాప్ పోయిన నవంబరులో నా చేతికొచ్చింది. 2015లో కొన్నది, లోపల ఇంటెల్ ఐదో తరం ఐ3 ప్రాసెసర్. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 ఏమో ఇంటెల్‌లో ఎనిమిదో తరానికి ముందువాటిని, ఒకటీ అరా తప్ప, గడప తొక్కనివ్వదు. "నాన్నా, విండోస్ బదులు ఊరికే దొరికే లినక్స్ మింట్ వేసిస్తా, పేపరు చదువుకో, పాటలు విను" అన్నాడు. వేసిచ్చిన రెండో రోజే ఆఫీసు పని మీద పుణె వెళ్ళిపోయాడు.

పేపరు బాగానే వచ్చింది. పాటలే రాలేదు. తెర మీద గాయని పెదవులు కదులుతున్నాయి, గొంతు లేదు. సౌండు మాత్రం నూటికి నూరు చూపిస్తోంది. మా ఆవిడ వంటింట్లోంచి "ఏమండీ, మూగ పాటా అది?" అంది.

ముప్పై రెండేళ్ళు హిందూపురంలో లెక్కలు చెప్పినవాణ్ణి. జవాబు తప్పితే మొదటి స్టెప్పు నుంచి చూడమని పిల్లల్ని సతాయించినవాణ్ణి. ఆ పని నేను చెయ్యలేదు. ఊరికే వచ్చింది కదా, ఇలాగే ఏడుస్తుంది అని తిన్నగా లినక్స్‌నే తిట్టుకున్నాను.

ఇప్పుడుండేది బెంగళూరు. కేఆర్ పురంలో మెట్రో ఎక్కి, మెజెస్టిక్‌లో మారి, చిక్కపేటలో దిగి కంప్యూటర్ షాపులుండే ఎస్పీ రోడ్డుకు వెళ్ళాను. ఒక షాపతను మూత కూడా తెరవకుండా "స్పీకర్లు పోయాయి సార్" అన్నాడు. మార్చడానికి మనసొప్పక రెండొందలు పెట్టి బొటనవేలంత యూఎస్‌బీ సౌండ్ కార్డు కొనుక్కొచ్చాను. దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్, అదే డ్రైవరూ గీవరూ ఏమీ అడగలేదు, గుచ్చగానే ఇయర్‌ఫోన్స్‌లో పాట వచ్చేసింది. కానీ వంటింట్లోకి వినబడాలిగా!

ఆదివారం పై అంతస్తు నెల్లూరు కుర్రాడు వచ్చాడు. (మా బిల్డింగులో సగం మంది మనవాళ్ళే.) "మాస్టారూ, టెర్మినల్ తెరవండి" అని, ఆదేశాలు టైపు చేసే ఆ నల్ల కిటికీలో ఏప్లే, ఖాళీ, చిన్న గీత, చిన్న ఎల్ కొట్టించాడు. ల్యాప్‌టాప్ లోపలి సౌండ్ కార్డులు రెండు కనబడ్డాయి. సున్నా నంబరుది హెచ్‌డీఎంఐ, టీవీకి తీగ కలిపితే అటు పోయేది. ఒకటో నంబరు పీసీహెచ్, మా స్పీకర్లది.

"కార్డు కనబడింది కదా, డ్రైవర్ గొడవ లేదు. సెట్టింగుల్లో డమ్మీ అవుట్‌పుట్ అని ఒక్కటే వస్తే అప్పుడు టెన్షన్ పడాలి" అన్నాడు. నాకర్థమయ్యేలా ఇంకోటి చెప్పాడు. లినక్స్ గుండెకాయ లాంటి కెర్నల్‌లో ఉండే ఆల్సా మన అపార్ట్‌మెంటు బోరు మోటారు లాంటిదట. దాని పైన కూర్చున్న పైప్‌వైర్, ఏ ఫ్లోరుకు నీళ్ళు వదలాలో వాల్వు తిప్పే వాచ్‌మన్. ఇదివరకు ఆ ఉద్యోగం పల్స్‌ఆడియోది, మింట్ 22 నుంచి పైప్‌వైర్‌ది.

తర్వాత అదే టెర్మినల్‌లో ఆల్సామిక్సర్ అని కొట్టించాడు. ఇది నాకు తెగ నచ్చింది. థర్మామీటర్లు వరసగా నిలబెట్టినట్టు రంగు కడ్డీలు. ఎఫ్6 నొక్కి పీసీహెచ్ ఎంచుకుంటే స్పీకర్ కడ్డీ కింద ఎంఎం అని ఉంది. మ్యూట్ అన్నమాట. ఎం నొక్కితే అవి రెండు సున్నాలయ్యాయి, అయినా శబ్దం లేదు. బాణం గుర్తుతో కుడివైపు చివరిదాకా పోతే ఆటో మ్యూట్ మోడ్ అని ఇంకోటుంది. హెడ్‌ఫోన్స్ పెట్టగానే స్పీకర్ల నోరు మూసేది అదే. దాన్ని డిసేబుల్ చేశాం. ఇల్లంతా పాట! షాపతను చంపేసిన స్పీకర్లు నిక్షేపంగా ఉన్నాయి.

ఆ సంబరం ఒక్క రాత్రే. పొద్దున్నే ఆన్ చేస్తే మళ్ళీ ఎంఎం. కుర్రాణ్ణి మళ్ళీ పిలవాలంటే మొహమాటం. కాఫీ తాగుతూ సౌండ్ సెట్టింగులు తెరిచి కూర్చున్నాను. అవుట్‌పుట్ దగ్గర హెడ్‌ఫోన్స్ అని రాసుంది. మొదటి రోజు నుంచీ ఆ మాట అక్కడే ఉంది, నేనే చదవలేదు. హెడ్‌ఫోన్స్ ఏవి? ఏమీ పెట్టలేదే! పెట్టినట్టు దానికెవరు చెప్పారు? పాపం వాచ్‌మన్ రోజూ స్పీకర్ల వాల్వు కట్టేసి అటే నీళ్ళు వదులుతున్నాడు.

టార్చి వేసి ఇయర్‌ఫోన్స్ రంధ్రంలోకి చూశాను. అడుగున బూడిదరంగు పీచు. పిన్ను లోపలికి దిగితే కదిలే చిన్న రేకు ఒకటుంటుంది, పిన్ను వచ్చిందని కంప్యూటరుకు కబురు చెప్పేది అదే. పీచు దాన్ని నొక్కి పట్టేసింది. మెషీన్ ఆపి, కాలిన అగరుబత్తి పుల్లతో నెమ్మదిగా లాగితే చిన్న ఉండ వచ్చింది. ఆన్ చేసేసరికి హెడ్‌ఫోన్స్ బదులు స్పీకర్స్ అని దానంతటదే మారి ఉంది. ఆటో మ్యూట్‌ను మళ్ళీ ఎప్పటిలా పెట్టేశాను. ఇప్పటికీ అలాగే పనిచేస్తోంది.

సాయంత్రం అబ్బాయికి ఫోన్ చేశాను.

"ఒరేయ్, విండోస్ ఉన్నప్పుడు దీని స్పీకర్లు పలికేవా?"

కాసేపు ఆలోచించాడు. "ఏమో నాన్నా, నేనెప్పుడూ ఇయర్‌ఫోన్సే కదా."