సన్మాన పత్రం మీద ఎర్ర గీతలు

సన్మాన పత్రం రాయమన్నప్పుడు పది నిమిషాల పని అనుకున్నాను. “విద్యాదాత, న్యాయకోవిద, వదాన్యశేఖర” అని ఎత్తుకుని, మధ్యలో పుట్టిన ఊరు, తల్లిదండ్రుల పేర్లు చేర్చి, ఆయురారోగ్య ఐశ్వర్యాలతో ముగించి, చుట్టూ పూలతీగల బోర్డరు వేస్తే సరి. న్యూజెర్సీలో ఉన్న మా యూనివర్సిటీ పాత విద్యార్థులు ఎడిసన్‌లో ఒక బాంక్వెట్ హాలు మాట్లాడారు. సన్మానం మా సార్‌కి. ఆయన ఇక్కడ వీసా కేసులు చూసే లాయరు. నేను ఆయన ఆఫీసులో పారాలీగల్‌ని, అంటే లాయరుకి సహాయకురాలిని, కాబట్టి రాసే పని నా మీద పడింది.

పేర్లూ తేదీలూ సరిచూడమని ఆ కాగితం ఆయన చేతికే ఇవ్వడం నేను చేసిన పొరపాటు.

మా ఆఫీసులో ఎర్ర ఇంకు తగలకుండా ఏ పిటిషనూ గడప దాటదు. సన్మాన పత్రానికీ అదే గతి పట్టింది. “వదాన్యశేఖర” కింద గీత, పక్కన రుజువు అడుగుతూ “ఎగ్జిబిట్ ఏదీ?”. “వేలాది విద్యార్థుల జీవితాల్లో వెలుగు నింపిన” అన్నచోట “లెక్కపెట్టావా అమ్మా?”. “మాతృసంస్థ రుణం తీర్చుకున్న” అన్న ముక్క మొత్తం కొట్టేసి, “బాకీ ఇంకా ఉంది” అని రాశారు.

అది మార్చి నెల. మాకు అమెరికాలో ఉద్యోగానికిచ్చే హెచ్‌-1బి వీసాల రిజిస్ట్రేషన్ల సీజన్. ఏడాదికి 85,000 వీసాలు, వాటికి పోటీపడేవాళ్లు అంతకు ఎన్నో రెట్లు. ఫోన్లో ప్రతి గొంతులోనూ టెన్షనే. ఆ హడావుడిలోనే రాత్రిపూట కూర్చుని, పత్రాన్ని ఈసారి కేసు ఫైలు కట్టినట్టు కట్టాను. విశేషణాలు తీసేసి, జరిగినవి మాత్రమే పెట్టాను.

మొదటిది లైబ్రరీ. మేం చదివేటప్పుడు కోర్టు తీర్పులు అచ్చువేసే ఏఐఆర్ వాల్యూములు బరువుకి ఒంగిన బీరువాల్లో ఉండేవి. కావలసిన తీర్పు ఉన్న పేజీని ఎవరో బ్లేడుతో కోసుకుపోయి ఉండేవారు. ఇప్పుడు పిల్లలు తీర్పులు కంప్యూటర్లో వెతుక్కుంటున్నారు. దాని చందా ఏటా సార్ కడతారు. అమెరికా పౌరసత్వం తీసుకున్నారు కాబట్టి ఆయన ఇచ్చే డబ్బు మన చట్టం దృష్టిలో విదేశీ విరాళం. ఇండియన్ పాస్‌పోర్టున్న నేను జీతంలోంచి వంద డాలర్లు పంపితే అది కాదు. పైగా బయటి దేశపు యూనివర్సిటీకి నేరుగా ఇచ్చే డబ్బుకి ఇక్కడ పన్ను మినహాయింపు రాదు. “ఉచితంగా ఇవ్వడానికి కూడా ఇన్ని ఫారాలా?” అని ఒకసారి విసుక్కున్నాను. “ఫారాలు లేకపోతే మనకి జీతాలెవరిస్తారు?” అన్నారు.

రెండోది కవరు. పత్రం ఇదొక్కటే చెప్పి ఆగిపోయినా చాలనిపించింది నాకు.

నేను ఊళ్లో మూడేళ్లు నల్లకోటు వేసుకుని కోర్టుకి వెళ్లినదాన్ని. 2013లో హెచ్‌-1బి ఉద్యోగుల భార్యలకిచ్చే హెచ్‌-4 వీసా మీద ఇక్కడికొచ్చి రెండేళ్లు ఇంట్లోనే ఉన్నాను. భర్త గ్రీన్‌కార్డు దరఖాస్తు ఒక దశ దాటితే భార్య కూడా ఉద్యోగం చేయొచ్చని 2015 మేలో రూలొచ్చాక ఈ ఆఫీసులో చేరాను. పారాలీగల్ బతుకు విచిత్రంగా ఉంటుంది. చట్టం తెలుసు, కానీ సలహా చెప్పకూడదు. క్లయింటు అడిగినదానికి జవాబు నాలుక చివర ఉన్నా, “సార్‌ని అడిగి చెప్తానండీ” అనాలి.

మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ రెగ్యులర్‌గా చదివినవాళ్లకి న్యూయార్క్‌లో లాయరు కావడానికి పెట్టే బార్ పరీక్ష రాసే దారి ఉంది. అయితే మార్కుల పత్రాలు అభ్యర్థి పంపితే చెల్లవు. సీలు వేసిన కవరులో యూనివర్సిటీయే నేరుగా పంపాలి. సార్ కుర్రవాడిగా వచ్చినప్పుడు వాళ్ల నాన్నగారు పరీక్షల విభాగం చుట్టూ తిరిగి తిరిగి కవరు సంపాదించి, భద్రంగా కొడుక్కి పోస్టు చేశారట. ఈయన దాన్ని తీసుకెళ్లి బార్ పరీక్ష పెట్టేవాళ్లకి ఇచ్చారు. అభ్యర్థి చేతిమీదుగా వచ్చిందని తిప్పి పంపేశారు. జులై పరీక్ష పోయింది. ఫిబ్రవరి దాకా గ్యాస్ స్టేషన్లో రాత్రి డ్యూటీలు చేశారు.

ప్రాక్టీసు నిలదొక్కుకున్నాక ఆయన చేసిన మొదటి సాయం భవనం కాదు, బంగారు పతకం కాదు. ఒక్క పేజీ కాగితం. కవరు ఎలా అతికించాలి, అతుకు మీద అడ్డంగా సంతకం ఎవరు చేయాలి, ముద్ర ఎక్కడ పడాలి, ఏ చిరునామా రాయాలి, అన్నీ తెలుగులో రాసి పంపారు. కొరియర్ ఖర్చు ఆయనదే. దాన్ని పరీక్షల విభాగంలో ఒక అటెండరు గారు తన టేబుల్ పక్కన గోడకి అంటించుకున్నారు. నా కవరు పంతొమ్మిది రోజుల్లో నేరుగా బార్ పరీక్షవాళ్లకి చేరింది. ఆల్బనీలో రెండు రోజులు పరీక్ష రాశాను. పాసవ్వాలంటే 266 రావాలి, 251 వచ్చింది. మళ్లీ రాయాలి.

ఈ పత్రానికి సార్ ఎర్ర గీతలు పెట్టలేదు. చివర ఒక్క వాక్యం మాత్రం ఆయనే చేర్చారు. ఆ అటెండరు గారి పేరు రాసి, ఆయన రిటైరయ్యేదాకా ఒక్క కవరు కూడా తిరిగి రాలేదని.

హాల్లో శాలువా కప్పారు, గంధం రాశారు, పళ్లబుట్ట ఇచ్చారు. పత్రం చదివిన పెద్దాయనకి నా పొడి వాక్యాలు ఆనలేదు కాబోలు, మధ్యమధ్యలో “వదాన్యశేఖరులు, న్యాయకోవిదులు” అని సొంతంగా కలుపుకుంటూ పోయారు. ముందు వరసలో ఉన్న నావైపు ఒంగి సార్ “అబ్జెక్షన్” అని గొణిగారు. నేను నవ్వాపుకోవడానికి చీరచెంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను.

చివరి వాక్యం దగ్గరికొచ్చేసరికి పెద్దాయన ఆగారు. అచ్చులో ఏదో పొరపాటు పడిందనుకున్నట్టున్నారు, దాన్ని వదిలేసి నమస్కారం పెట్టేశారు. చప్పట్లు మొదలయ్యాయి. సార్ లేచి మైకు తీసుకున్నారు. స్పందన ప్రసంగం అనుకుని అందరూ సర్దుకుని కూర్చున్నారు. ఆయన పత్రం ఫ్రేము కళ్లకి దగ్గరగా పెట్టుకుని, వదిలేసిన ఆ ఒక్క వాక్యం, ఆ అటెండరు గారి పేరు ఇంటిపేరుతో సహా, నిదానంగా చదివి కూర్చున్నారు.